ఏరుకున్న కాయలు

"ఇరవై మందికి సంగటి చెయ్యి. పప్పులో కారం తక్కువెయ్యి, ఆఫీసర్లు తింటారు. నువ్వు మాత్రం చేనుకాడికి రావద్దు" అని చెప్పి, మా ఆయన ఓబులేష్ ఆకుపచ్చ టవల్ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ టవల్ రైతు సంఘానిది. ఉతికినప్పుడల్లా రంగు దిగి నా చీరలకు అంటుకుంటుంది. ఇన్నేళ్లలో సంఘానికి నేనిచ్చిన చందా నా చీరలే, దానికి రసీదు లేదు.

పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతున్నానన్నమాటే గానీ, మనసంతా చేనులోనే ఉంది. మూడేళ్లుగా కరువు. ఊళ్లో ఎవరింట్లోనూ విత్తనానికి వేరుశెనగ కాయ మిగల్లేదు. అందుకే సర్కారు విత్తనం ఇవ్వాలని సంఘం వాళ్లు పోయిన నెల కుందుర్పి నుంచి లారీల్లో వెళ్లి, రాప్తాడు దగ్గర రోడ్డు మీద బైఠాయించారు. నాయకుడిగా ముందు నిలబడ్డ మా ఆయన లాఠీ దెబ్బలు తిన్నాడు, ఒక రాత్రి స్టేషన్లో ఉన్నాడు. వారం తిరక్కుండా ఊళ్లోకి సర్కారు వేరుశెనగ విత్తనం లారీ వచ్చింది. జనం ఆయన మెడలో దండ వేశారు. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు? ఆయన వీపు మీది వాతలకు ఆముదం రాసిన చెయ్యి నాదే కదా.

సంచులు విప్పి విత్తనానికి కాయలు ఒలవడం మాత్రం ఆడవాళ్ల పని. బొటనవేళ్లు చీరుకుపోయేదాకా ఒలిచాం. ఒలుస్తుంటేనే నాకు అనుమానం వచ్చింది. పప్పు ముడుచుకుపోయింది, ముక్కవాసన వేస్తోంది. సర్కారుకు అమ్మిన కంపెనీ వాళ్లు ఏ గోదాములో ఎన్నేళ్లు మగ్గబెట్టి పంపారో! మా అమ్మ చేసినట్టు పది గింజలు తడిబట్టలో మూటగట్టి పొయ్యి పక్కన పెట్టాను. నాలుగో రోజుకు మూడే మొలకెత్తాయి.

ఆ మూట విప్పి ఆయనకు చూపించాను. ఆయన ముఖం ఎర్రబడింది. "నేను దెబ్బలు తిని తెచ్చిన విత్తనానికే వంకలు పెడతాండావా? ఈ మాట బయటికి పోతే సంఘం పరువేం గావాల? గమ్మునుండు." అరుగు మీద నుంచి మా అత్త గంగక్క అందుకుంది. "మొగుడు పదిమందిలో తలెత్తుకోని తిరుగుతాంటే ఓర్చుకోలేవా యేమే?" నేను గమ్మునయ్యాను. పక్కింటి సిద్దమ్మ వచ్చి "అక్కా, నీకు తెలుస్తాది, ఇత్తనం యెట్లుండాది?" అని అడిగితే, "బాగుండాది లే" అన్నాను. నన్ను నమ్మి ఆమె మూడెకరాలకూ అదే విత్తింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు.

ఆరుద్ర కార్తెలో వాన పడింది. ఆ రోజు సంఘం మగవాళ్లంతా అనంతపురం సభకు వెళ్లి ఉన్నారు. నేలలో పదను ఆరిపోతే విత్తి లాభం లేదు. రెండో రోజే ఊళ్లో ఎద్దులున్న ఆదెన్నను విత్తే గొర్రుతో పిలిపించాను. అతను తోలుతుంటే నేను వెనక నడుస్తూ గొర్రు మీద గిన్నెలా ఉండే జడ్డిగంలోకి పిడికిలి సందులోంచి గింజలు వదిలాను. మా చేలలో విత్తే చెయ్యి ఎప్పుడూ ఆడదానిదే. వేళ్లు కాస్త వదులైతే గింజలు కుప్ప పడతాయి, బిగిస్తే సాలు బోసిపోతుంది. పొద్దుగూకేదాకా నడిస్తే భుజం రాయిలా బిగుసుకుపోతుంది. పొలం పాసుబుక్కులో ఆ భుజానికి చోటు లేదు.

చివరన కంచె పక్క నాలుగు సాళ్లలో మాత్రం నా కాయలు విత్తాను. పంట పీకిన తర్వాత మట్టిలో మిగిలిన కాయలు ఏరుకుంటే అవి ఏరుకున్న ఆడదానివే, మా వైపు అదే వాడుక. నిరుడు కరువులో పండిన ఆ కాస్తా పీకాక, ఎండలో కట్టెపుల్లతో మన్ను గీరి గీరి ఏరాను. సంఘం వాళ్లకు ఉడకబెట్టమని ఆయన అడిగితే అయిపోయాయని బొంకి, వేపాకు వేసి కుండలో దాచాను.

నాలుగో రోజు ఆయన బస్సు దిగాడు. విత్తిన చేనును గట్టు మీద నుంచి చూసి, "ఇత్తేసినా" అని ఊరంతా చెప్పుకున్నాడు.

పన్నెండు రోజులు గడిచాయి. నలభై ఇళ్ల చేలూ అలాగే ఉన్నాయి, అక్కడొక మొలక, ఇక్కడొక మొలక. సంఘం పట్టుబడితే ఈ రోజు విచారణకు ఆఫీసర్లు వచ్చారు. తప్పు విత్తనానిదని తేలితే అందరికీ మళ్లీ విత్తనం ఇస్తారు. తప్పు రైతుదంటే ఈ ఏడు కూడా బీడే. నాయకుడి చేనని మొదట మాదే చూస్తున్నారు.

సిద్దమ్మ రొప్పుతూ వచ్చింది. "అక్కా, కొంప మునిగింది! ఆఫీసర్లు యెప్పుడు ఇత్తినావంటే మీ ఆయన వాన పడిన నాలుగో దినమన్నాడు. పదను పోయినాంక ఇత్తినారు, తప్పు మీదేనని రాసుకుంటాండారు."

నాలుగో రోజు! ఆయన బస్సు దిగిన రోజది. విత్తడం గురించి ఆయనకు తెలిసింది అంతే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను వెళ్లి నిజం చెబితే నలుగురిలో ఆయన తల దించుకోవాలి, ఆ తర్వాత ఇంట్లో నా బతుకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. చెప్పకపోతే నలభై ఇళ్లు మునుగుతాయి. సిద్దమ్మ బొటనవేలి వైపు చూశాను. ఒలిచి ఒలిచి ఊడిన గోరు ఇంకా రాలేదు. సంగటి మాడితే మాడనీ అని తెడ్డు వదిలేసి లేచాను.

చేనులో మగవాళ్లంతా గుంపుగా నిలబడి ఉన్నారు. ఆదెన్న తల వంచుకుని ఉన్నాడు, నాయకుడి మాటకు ఎదురు చెప్పే ధైర్యం అతనికెక్కడిది? నన్ను చూడగానే మా ఆయన కళ్లురిమి చూశాడు. నేను ఆఫీసరు దగ్గరికే వెళ్లాను.

"సార్, ఇత్తింది నేను. వాన పడిన రెండో దినం. ఆదెన్న ఎద్దులు తోలినాడు, అడగండి."

ఆదెన్న మెల్లగా తల ఊపాడు.

"రుజువేముందమ్మా?" అన్నాడు ఆఫీసరు.

కంచె దగ్గరికి తీసుకెళ్లాను. నాలుగు సాళ్లలో మొలకలు ఒత్తుగా నిలబడి ఉన్నాయి. "అదే దినం, అదే గొర్రు, ఇదే చెయ్యి. ఇవి నేను ఏరుకున్న కాయలు. ఆ పక్క మొలవనివి మీరిచ్చినవి."

ఆఫీసరు వంగి ఒక మొలకను, పక్క సాలులో కుళ్లిన గింజను తవ్వి చూశాడు. రాసినదంతా కొట్టేసి, మళ్లీ రాయడం మొదలుపెట్టాడు.

మా ఆయన నా పక్కకు వచ్చి పళ్ల బిగువున అన్నాడు. "నడువు. ఇంటికి పోయినాంక మాట్లాడతా."

"ఈడే మాట్లాడు" అన్నాను.

నేను సిద్దమ్మ వైపు తిరిగాను. అందరికీ వినపడేలాగే చెప్పాను.

"ఇత్తకముందే నాకు తెలుసు సిద్దమ్మా. బట్టలో కట్టి చూస్తే పది గింజలకు మూడే మొలిచినాయి. ఇంట్లో చెప్పినా. ఇంట్లో మాత్రమే చెప్పినా, అదే నా తప్పు."