మా ఇంగ్లీషులో నిన్న లేదు

ఐల్సా బోర్డు మీద "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని రాసి వెనక్కి తిరిగేసరికి, ఆఖరి బల్ల మీద పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్న నెల్వా షిగ్వాంగో లేచి నిలబడింది.

"టీచరమ్మా, ఇది మాకొచ్చు," అంది స్పానిష్‌లో.

ఐల్సా నవ్వింది. స్కాట్లండ్ నుంచి వచ్చి, అడవి మధ్య ఏటి ఒడ్డునున్న ఆ ఊళ్లో దిగి రెండో రోజు. దోమకాట్లకి మెడంతా దద్దుర్లు లేచాయి. "మంచిదే కదా! అయినా ఇంకొక్కసారి..."

"ఎన్నిసార్లమ్మా ఒక్కసారి? మీకు ముందొచ్చినాయన దీంతోనే మొదలుపెట్టాడు. ఆయనకంటే ముందొచ్చిన పొడుగమ్మాయీ అంతే. ఆ పిల్లకంటే ముందు గిటారు పట్టుకొచ్చినతనూ అంతే. పేరు, రంగులు, పళ్లు, జంతువులు, ఒక పాట. పాటయ్యేసరికి పడవెక్కేస్తారు. ఇంకొకరు దిగి మళ్లీ నీ పేరేంటంటారు. మా పేర్లేం మారలేదమ్మా."

పిల్లలు పగలబడి నవ్వారు. నెల్వా కూతురు సాయిదా సిగ్గుతో బల్ల కిందికి దూరినంత పని చేసి, "అమ్మా, కూర్చోవే!" అని కొంగు లాగినట్టు గౌను లాగింది. నెల్వా కూర్చోలేదు. తన పేరు దగ్గర మొదలుపెట్టి, రంగులన్నీ దాటి, బొప్పాయి నుంచి చిరుతపులి దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేసింది.

"ఇప్పుడు చెప్పండి. దీని తర్వాత పాఠం ఏంటి?"

ఐల్సా, విదేశాల నుంచి టీచర్లని పంపే ఏజెన్సీ తనకిచ్చిన పుస్తకం చివరిదాకా తిరగేసింది. అది పాటతోనే ఆగిపోయింది. "ఇందులో లేదండీ," అంది మెల్లగా.

"పుస్తకంలో లేకపోతే మీకు రాదా? మీ అమ్మ దగ్గర నేర్చుకున్న భాషే కదా!"

ఐల్సా మొహం కందిపోయింది. బోర్డు మొత్తం తుడిచేసింది. "సరే. మీకేం కావాలి?"

ఆ మాట ఇంతకుముందు వచ్చినవాళ్లెవరూ అడగలేదు. నెల్వాకి మాత్రం జవాబు ఎప్పట్నుంచో నాలుక చివరే ఉంది.

"నిన్న కావాలి. మీరందరూ నేర్పిన ఇంగ్లీషులో నిన్న లేదు. చిలక పచ్చగా ఉంది, నేను నెల్వాని, అంతే. జరిగిపోయింది చెప్పాలంటే ఎలా చెప్పాలి? గిటారాయన్ని అడిగితే రేపు చెప్తానన్నాడు. మర్నాడు వెళ్లిపోయాడు."

దాని వెనక ఒక మంట ఉంది. టేనా పట్నం నుంచి ఏజెన్సీ మనిషి ఫౌస్తో అప్పుడప్పుడూ మోటారు పడవలో విదేశీ అతిథుల్ని తీసుకొస్తాడు. బడి ముందు నిలబెట్టి, బడికేసి చెయ్యి ఊపుతూ ఇంగ్లీషులో పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. అతిథులు గుండెల మీద చేతులేసుకుని ఊరివాళ్లని జాలిగా చూస్తారు. 'స్కూల్', 'పూర్', 'అవర్ ఏజెన్సీ'... అక్కడక్కడా దొరికిన ఈ మాటలు చాలు, బడి తామే కట్టించామంటున్నాడని నెల్వాకి తెలియడానికి. పాత బడిని వరద ఎత్తుకుపోతే ఊరంతా కలిసి అడవిలో దుంగలు కోసి కట్టుకున్నారు ఈ బడిని. ఆ దుంగలు మోసి ఆమె మొగుడు బొలీవర్ భుజం ఇప్పటికీ పైకి లేవదు. ఆడవాళ్లు ఏటి ఇసుక తట్టలతో మోశారు. ఏజెన్సీ ఇచ్చిందల్లా వాకిట్లో దాని పేరున్న బోర్డు.

ఆ రోజు నుంచి ఐల్సా నిన్నటి మాటలు చెప్పింది. 'గో' అంటే వెళ్లడం, వెళ్లిపోతే 'వెంట్' అనగానే పిల్లలు గోల పెట్టారు. "వెళ్లేటప్పుడొక మాట, వెళ్లాక ఇంకో మాటా? ఇదేం మోసం టీచర్!"

నెల్వా కర్రపెండలం చేలో దుంపలు పీకుతూ కూడా వల్లె వేసేది. పక్క చేలోంచి ఆడబిడ్డ రెబెకా కేకేసింది. "వదినా, దుంపలకి ఇంగ్లీషొస్తే తొందరగా ఉడుకుతాయంటావా?"

"నీ నోరు మూతపడేలోపే ఉడుకుతాయిలే!"

ఎండలు ముదిరాక ఫౌస్తో అతిథులతో దిగాడు. దిగుతూనే పిల్లల చెప్పులు విప్పించి, మొహాలకి ఎర్రరంగు పూయించి, వరసగా నిలబెట్టాడు. ఉపన్యాసం మొదలైంది. చెయ్యి బడికేసి లేచింది.

నెల్వా గుంపులోంచి ముందుకొచ్చింది.

"నో. వి బిల్ట్ ఇట్."

ఫౌస్తో చెయ్యి అడ్డం పెట్టబోయాడు. నెల్వా ఆగలేదు. నా భర్త కలప మోశాడు, నేను ఇసుక మోశాను, మీరు బోర్డు తెచ్చారు, అని ఒక్కొక్క మాటా మేకు దిగ్గొట్టినట్టు ఇంగ్లీషులో చెప్పింది. అతిథుల్లో ఒక పెద్దావిడ గబగబా ఏదో అడిగింది. తర్జుమా చెయ్యబోయిన ఐల్సాని నెల్వా చేత్తోనే ఆపి, ఆవిడకేసి తిరిగి, "ఎగైన్. స్లోలీ," అంది.

ఆవిడ మళ్లీ అడిగింది, నెమ్మదిగా. నెల్వా జవాబు చెప్పింది.

పడవ దగ్గర ఫౌస్తో పళ్లు నూరాడు. "అమ్మా నెల్వా, నా పొట్ట కొట్టి నువ్వేం బావుకుంటావు? వచ్చే ఏడాది టీచర్లూ, అతిథులూ అందరూ ఏటి దిగువన కింది ఊరికే. చూసుకో."

సాయంత్రం ఊరు సమావేశమైంది. ఊరి పెద్ద ఓల్మెదో నెల్వాకి స్వయానా బాబాయి. కర్రపెండలం పులియబెట్టి చేసిన చిచా గిన్నె పక్కకి అందిస్తూ గయ్యిమన్నాడు. "ఎవర్నడిగి మాట్లాడావే?"

"ఎవర్నడిగి మోశాం బాబాయ్, దుంగలు?"

రెబెకా లేచింది. "వదినా, నీ పంతం బాగానే ఉంది. అతిథులు రాకపోతే మా పూసల దండలు ఎవరు కొంటారు? కోతులా?"

అది నిజమే. నెల్వా దండలు కూడా అందులో ఉన్నాయి. "దండలు అమ్ముకుందాం రెబెకా. పిల్లల చెప్పులు విప్పించి జాలి అమ్ముకోవద్దు. టీచరుగా వచ్చేవాళ్లు బడి ఏడాది మొత్తం ఉండాలి. ముందువాళ్లు ఎక్కడ ఆపారో అక్కణ్నుంచి చెప్పాలి. ఫొటో అడిగి తియ్యాలి."

"ఒప్పుకోకపోతే?" అన్నాడు ఓల్మెదో.

"రావద్దు."

చాలాసేపు అరుచుకున్నారు. చివరికి చేతులు లేచాయి. ఓల్మెదో కూడా ఎత్తాడు. రెబెకా అందరికంటే ఆఖర్న, గొణుక్కుంటూ ఎత్తింది.

తను పెట్టుకొచ్చిన సెలవు అయిపోగానే ఐల్సా బయల్దేరింది. రేవులో నెల్వాని పట్టుకుని ఏడ్చింది, మళ్లీ తప్పకుండా వస్తానంది. నెల్వా ఆమె కళ్లు తుడిచింది గానీ మాట మార్చలేదు.

"ఏడాదికొస్తే టీచరుగా రా. నెలకైతే చుట్టంగా రా. నీకు చేప కాల్చి పెడతా. బోర్డు మాత్రం ముట్టుకోనివ్వను."

ఫౌస్తో అన్నంత పనీ చేశాడు. వానలు మొదలయ్యేదాకా ఒక్క టీచరూ రాలేదు, ఒక్క అతిథీ రాలేదు. దండలు గూట్లో పేరుకుపోయాయి. రెబెకా మాట్లాడ్డం మానేసింది. నెల్వా పొద్దుటిపూట పిల్లల్ని కూర్చోబెట్టి వచ్చినంత చెప్పేది. రానిది అడిగితే "నాకూ రాదు, కనుక్కుందాం" అనేది.

అలాంటి ఒక పొద్దున కింది ఊరి ఆడవాళ్ల సంఘం పెద్ద క్లెమెంసియా గ్రేఫా పడవేసుకుని వచ్చింది. చిచా ఒక్క గుక్కలో తాగి మూతి తుడుచుకుంది.

"ఆ ఫౌస్తో మా పిల్లల్ని కూడా మురికి బట్టలు కట్టుకు రమ్మన్నాడక్కా. పొమ్మన్నాం. మీరేం షరతులు పెట్టారో చెప్పు, మావీ అవే."

"మీరూ పొమ్మంటే ఇక ఎక్కడికి పోతాడు?"

"ఎక్కడికేంటి? ఇంకా ఏటి ఎగువకి, చివరూరికి పోతాడు."

నెల్వా చేతిలో గిన్నె పక్కన పెట్టి లేచింది. "అయితే వాడికంటే ముందు మనం పోదాం. పద."

తెడ్డు తీసుకుని రేవుకి దిగేసరికి, పడవలో ముందే ఒకళ్లు కూర్చుని ఉన్నారు. రెబెకా.

"మీ మాటలన్నీ విన్నా. నాతో మాట్లాడకు వదినా," అంది ఏటికేసి చూస్తూ. "చివరూరివాళ్లు నీ మాట వినరు. వాళ్లు మా అత్తింటి తాలూకు. నేను చెప్తే వింటారు. ఎక్కు."