తిరుగుబోతు ద్వీపం

ఉదయం ఏడింటికల్లా హిన్ లుయ్ రేవులో, దీవులు చూడ్డానికొచ్చినవాళ్లందరూ చెప్పులు విప్పేయాలి. స్పీడ్‌బోటులోకి చెప్పులు రానివ్వరు. విప్పినవన్నీ ఒక పెద్ద ప్లాస్టిక్ బుట్టలో పడేసి, సాయంత్రం తిరిగొచ్చాక ఎవరివి వాళ్లు వెతుక్కోవాలి. ఆ బుట్ట పక్కన పొట్టి పీట మీద మిసియా కూర్చుని ఉంటుంది. వచ్చేవాళ్ల ముఖాలు చూడదు, పాదాలు చూస్తుంది. చూసి, తనలో తాను ఒక అంకె గొణుక్కుని, కాళ్లకి తొడుక్కునే రబ్బరు రెక్కలు తీసి చేతికిస్తుంది. ఇరవై ఏళ్లలో ఒక్కసారే లెక్క తప్పింది. అదీ ఆ మనిషికి ఎండ్రకాయ కరిచి కాలు వాచి ఉండటం వల్ల.

ఆమెకి అరవై దాటాయి. అందరూ ఎక్కాక తనూ బోటెక్కి వెనక చివరన కూర్చుంటుంది. సముద్రపు జనం మనిషి, అంటే తాతముత్తాతల నుంచి పడవల్లోనే వండుకుని పడవల్లోనే కనేవాళ్లు. కూతురు సలిందా అదే బోటులో గైడు. ఇరవై నాలుగేళ్ల పిల్ల. మైకు చేతికొస్తే ముప్పై మందినీ నవ్విస్తూనే హడలగొడుతుంది.

"పగడాల మీద నిలబడకండి. అవి బతికున్నవి. మీ నెత్తిన ఎవరైనా నిలబడితే ఊరుకుంటారా? చేపలకి రొట్టె వేయకండి, అవి మీకన్నా బాగానే తింటున్నాయి. వాంతులయ్యేవాళ్లు వెనక కూర్చోండి. ముందు కూర్చుంటే గాలి అందరికీ పంచుతుంది."

బోటు నడిపేది యాకోబ్. మా రేవులో పెద్ద వయసు ముస్లిం మగవాళ్లని బంగ్ అంటాం, అన్న అన్నట్టు. బోటు ముక్కుకి పూలదండ, ఏడు రంగుల గుడ్డలు కట్టి ఉంటాయి, పడవతల్లి కోసం. బంగ్ యాకోబ్ ఆవిడకి మొక్కడు. కానీ ఎవరైనా ఆ ముక్కు మీద కాలు పెట్టారో, ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండదు. రెండేళ్లుగా ఆయన కళ్లకి పొర కమ్ముతోంది. బోటు రేవు మలుపు తిరగగానే లేచి స్టీరింగ్ సలిందాకి ఇచ్చేస్తాడు. ఆ పిల్ల అల మీద అల దాటిస్తుంటే వెనక సీట్లో చంటిపిల్లలు నిద్ర కూడా లేవరు.

వచ్చే సీజన్ నుంచి తాను ఇంటిపట్టున ఉంటానని బంగ్ యాకోబ్ యజమానికి చెప్పేశాడు. తన చోట సలిందాని పెట్టుకోమన్నాడు. యజమాని కాదనలేదు, లైసెన్సు తెమ్మన్నాడు. లైసెన్సుకి పౌరసత్వపు కార్డు కావాలి. కార్డుకి, తల్లి ఎక్కడ పుట్టిందో రుజువు కావాలి. చిక్కంతా అక్కడే.

మిసియా పుట్టింది తిరుగుబోతు మీద. అదొక చిన్న ద్వీపం. ఈ చివర వెలిగించిన చుట్ట ఆ చివరకి నడిచేసరికి అయిపోతుంది, అంతే. కాస్త ఇసుక, నాలుగు మొగలి పొదలు, మధ్యన ఒక నల్లరాయి. ఒక చోట పడి ఉండే రకం కాదు. సోమవారం ఉత్తరాన కనబడితే గురువారం పక్క జిల్లాలో తేలుతుంది. బోటువాళ్లు పొద్దున్నే రేడియోలో దాని ఆచూకీ అడుగుతారు, తాడు తెంపుకుపోయిన ఆవుని అడిగినట్టు.

ముప్పై ఏళ్ల కిందట సర్వేవాళ్లు వచ్చి సముద్రపు జనాన్ని ఎక్కడ పుట్టారని అడిగారు. తెలివైనవాళ్లంతా దగ్గర్లో ఉన్న ఏదో ఒక ఊరి పేరు చెప్పి కార్డులు తీసుకున్నారు. మిసియా గుడిసె ముందు నిలబడి సముద్రంలోకి వేలు చూపించింది.

"అదిగో, పొద్దున అక్కడుంది" అంది.

గుమాస్తా ఆమె వేలు చూపిన వైపు గీత గీసి, పటం మీద చుక్క పెట్టుకున్నాడు. వారం పోయాక వెళ్లి చూస్తే ఆ చుక్క దగ్గర నీళ్లు తప్ప ఏమీ లేవు. తప్పుడు సమాచారం అని రాసి ఎర్ర సిరాతో కొట్టేశాడు. ద్వీపం కదిలిపోయిందని ఆయనకి తెలియక కాదు. కదిలేవాటికి ఆ కాగితంలో గడి లేదు.

"ఒక్క అబద్ధం ఆడి ఉంటే పోయేది కదమ్మా" అని సలిందా ఎన్నిసార్లు కోప్పడిందో లెక్కలేదు.

"నిన్ను ఎవరు కన్నారంటే పక్కింటావిడ పేరు చెబుతావా?" అనేది మిసియా. అక్కడితో ఆ మాట ఆగిపోయేది.

చివరికి ఈ ఏడు తాలూకా ఆఫీసుకి పలాత్ విచియెన్ వచ్చాడు. పలాత్ అంటే ఆ ఆఫీసులో రెండో పెద్ద. చాదస్తుడు, కానీ మంచివాడు. రెండు వారాలు నిబంధనలన్నీ తిరగేసి ఒక సందు పట్టుకున్నాడు. ద్వీపం మా తాలూకా హద్దులో ఉండగా అధికారి కళ్లారా చూస్తే, పుట్టిన చోటు ఖాయం చేసి సంతకం పెట్టొచ్చు. పెద్ద పడవల మీద రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ అది లేదు. వచ్చే సోమవారం ఆయనకి కొండప్రాంతానికి బదిలీ. రేపటి నుంచి వానాకాలం, అయిదు నెలలు దీవులు మూసేస్తారు. ఇవాళ్టిదే ఆఖరి ట్రిప్పు.

కాబట్టి ముప్పై ఒకటో ప్రయాణికుడిగా పలాత్ గారు రేవుకొచ్చాడు. బూట్లు, మేజోళ్లు, చంకలో ఫైలు.

"మీకు టికెట్టేమిటండీ, మా మనిషిలా రండి" అన్నాడు బంగ్ యాకోబ్.

"ఊరికే ఎక్కితే నా సంతకానికి విలువుండదు బంగ్" అని డబ్బు కట్టే ఎక్కాడు. మిసియా ఆయన మేజోళ్ల వంక కాసేపు చూసి, "ముందు ఇవి విప్పు బాబూ, నీ పాదం నాకు తెలియడం లేదు" అంది.

మొదటి దీవి దగ్గర అందరూ నీళ్లలోకి దూకారు. కళ్లకి అద్దాలు, నోట్లో గొట్టాలు పెట్టుకుని బోర్లా తేలుతూ, గొట్టాల్లోంచి వింత వింతగా అరుచుకున్నారు. చైనా నుంచి వచ్చిన కొత్త దంపతులు చెయ్యి విడవకుండా ఒకే చోట గిరగిరా తిరిగారు. పలాత్ గారికి ఈత రాదు. లైఫ్ జాకెట్ మీద ఇంకో లైఫ్ జాకెట్ వేసుకుని, నిచ్చెన పట్టుకుని మోకాళ్లదాకా దిగి, ఇక చాలన్నాడు. రెండో దీవిలో భోజనాలు. వేయించిన కోడి, పుల్లటి పసుపు చేపల పులుసు, అనాసముక్కలు. సలిందా ముద్ద ఎత్తలేదు. ప్రతి అయిదు నిమిషాలకీ రేడియో దగ్గరికి వెళ్లి వస్తోంది.

రెండు గంటలకి కబురొచ్చింది.

"యాకోబన్నా, మీ తిరుగుబోతు ఏనుగురాయి అవతల నిద్రపోతోంది. చప్పుడు చెయ్యకుండా పొండి" అంది ఎవరిదో గొంతు.

సలిందా మైకు తీసుకుంది. "తాబేళ్లు చూపిస్తామన్నాం. వాటి బదులు ఒక ద్వీపం చూపిస్తాం. ఎవరికైనా అభ్యంతరమా?" ఎవరికీ లేదు. సగంమంది కునుకు తీస్తున్నారు.

ఏనుగురాయి చుట్టి వచ్చేసరికి అది కనబడింది. మధ్యాహ్నపు వెలుగులో, నీళ్ల మీద, మొగలి ఆకులు మెల్లగా ఊపుకుంటూ. బంగ్ యాకోబ్ స్టీరింగ్ పక్కన ఉన్న, దారి చూపించే తెర మీదికి వంగి కళ్లు చిట్లించాడు. తాలూకా హద్దు అందులో ఎర్ర గీతలా పడుతుంది. ద్వీపం ఆ గీతకి అవతల ఉంది, రెండొందల బారల దూరంలో.

"అది పక్క జిల్లా అమ్మా" అన్నాడు పలాత్ గారు. ఆయన ముఖం నిజంగానే వాడిపోయింది.

బోటు దగ్గరికి పోనిచ్చి ఇవతలికి తోలుదామని చూశాడు బంగ్ యాకోబ్. ఇంజను చప్పుడుకి అది ఇంకో యాభై బారలు వెనక్కి జరిగింది. మిసియా వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంజను కట్టెయ్యి. అందరినీ దిగమను" అంది. తర్వాత పలాత్ గారి వైపు తిరిగింది. "నువ్వూ దిగు బాబూ. చూడాలన్నావుగా. పైనుంచి చూస్తే సగమే."

రెండు లైఫ్ జాకెట్లూ, ఒక రబ్బరు చక్రం, చక్రాన్ని పట్టుకున్న సలిందా. అన్నీ కలిసి పలాత్ గారిని నీళ్లలో నిలబెట్టాయి. ఆయన గొట్టం కొరికి పట్టుకుని, కళ్లు మూసుకుని తల ముంచాడు. తర్వాత కళ్లు తెరిచాడు.

ద్వీపం నేలకి ఆని లేదు. కింద నీలం నీళ్లే. మొగలి వేళ్లు జడల్లా దిగి నీళ్లలో ఊగుతున్నాయి. వాటి సందుల్లో పసుపు చారల చేపలు, చిలక రంగు చేపలు వేల కొద్దీ ఉన్నాయి. అది ఎటు జరిగితే అవీ అటు జరుగుతున్నాయి. ఎంత కిందికి చూసినా దాని నీడే కానీ నేల కనబడలేదు. ముప్పై మందీ దాని చుట్టూ బోర్లా తేలుతూ ఉండిపోయారు. ఎంతసేపో ఎవరూ చెప్పలేకపోయారు.

మిసియా ఆ వేళ్ల మధ్యకి ఈదుకుంటూ వెళ్లింది. నీళ్లలో ఆమెకి వయసు లేదు. ఒక వేరు పట్టుకుని నిమిరి, వెనక్కి తిరిగి బోటు వైపు నెమ్మదిగా ఈదింది. ద్వీపం ఆమె వెంట వచ్చింది, తల్లి వెనక నడిచే దూడలా. తెర మీద అది ఎర్ర గీత దాటగానే బంగ్ యాకోబ్ పైనుంచి కేకేశాడు. "వచ్చింది! మన హద్దులోకే వచ్చింది!" ఇంకాస్త ఇవతలికి తెచ్చింది ఆమె, నేల నాలుగు బారల లోతులో తగిలే తెల్లటి ఇసుకమేట మీదికి.

పలాత్ గారు గొట్టం తీసి దగ్గాడు. నీళ్లు కారుతున్న ముఖంతో ద్వీపాన్ని చూశాడు, తల్లినీ కూతుర్నీ చూశాడు.

"పెద్దమ్మా, సంతకం పెడతాను. కానీ నా తర్వాత వచ్చేవాడు చూడ్డానికొస్తే రేపు ఇక్కడుంటుందా? లేకపోతే మళ్లీ కొట్టేస్తారు. ఈసారి మీ అమ్మాయి పేరు కూడా."

మిసియా ద్వీపం మధ్యనున్న నల్లరాయి వైపు చూసింది. సలిందాకి అర్థమైంది. చక్రం వదిలేసి తల్లి దగ్గరికి ఈదింది.

"వద్దమ్మా. తాత ఏం చెప్పాడో మర్చిపోయావా? ద్వీపాన్ని కూర్చోమంటే కూర్చుంటుంది, కానీ కూర్చున్నది మళ్లీ లేవదన్నాడు. ఒకప్పుడు ఇలా తిరిగేవి వందుండేవట. ఇప్పుడిదొక్కటే."

"నాకు తెలుసు."

"నాకు కార్డొద్దు. గైడుగానే ఉంటాను. ఏం, ఇన్నాళ్లూ బతకలేదా?"

"నువ్వు స్టీరింగ్ పట్టుకున్నప్పుడు నీ మొహం నువ్వెప్పుడూ చూసుకోలేదు" అంది మిసియా. "నేను రెండేళ్లుగా వెనక కూర్చుని చూస్తున్నాను. రేవు దగ్గర పడుతుంటే లేచి ఇచ్చేస్తావు చూడు, అప్పుడూ చూస్తున్నాను."

సలిందా ఏడ్చింది. అద్దాల లోపల ఏడవడం కష్టం, కన్నీళ్లు పోవడానికి దారి ఉండదు. ఆమె తల్లి చెయ్యి పట్టుకుని లాగింది. మిసియా ఆ చేతిని మెల్లగా విడిపించుకుని, ఊపిరి బిగబట్టి, వేళ్ల మధ్య వేలాడే నల్లరాయి అడుగుభాగం దాకా మునిగింది. రాతికి చెంప ఆనించి తమ భాషలో ఒక్క మాట చెప్పింది.

చెవులు నీళ్లలో ఉన్నవాళ్లందరూ ఆ చప్పుడు విన్నారు. పెద్ద రుబ్బురోలు ఒక చుట్టు తిరిగి ఆగినట్టు. ఇసుక తెల్లగా లేచి, చాలాసేపటికి దిగింది. చేపలు చెదిరిపోయి, తిరిగొచ్చి, వేళ్ల చుట్టూ సర్దుకున్నాయి. వేళ్లు ఇక ఊగడం లేదు.

బోటు ఎక్కాక పలాత్ గారు తువ్వాలుతో చేతులు తుడుచుకుని, తుడుచుకుని, అప్పుడు ఫైలు తెరిచాడు.

"ద్వీపం పేరు?"

"పేరేం లేదు" అంది మిసియా. "తిరుగుబోతు అనేవాళ్లు. ఇప్పుడది కూడా కాదు."

ఆయన కలం మూత తీశాడు. తర్వాత తెర మీది అక్షాంశం, రేఖాంశం చూసి, పుట్టిన ఊరు అన్న గడిలో ఆ అంకెలు జాగ్రత్తగా దించాడు. కింద మిసియా వేలిముద్ర అడిగాడు. ఇరవై ఏళ్లు ఉప్పునీళ్లలో రబ్బరు రెక్కలు కడిగిన వేలు. మూడుసార్లు వేస్తే గానీ గీతలు పడలేదు.

కార్డు జూన్‌లో వచ్చింది, లైసెన్సు సెప్టెంబరులో. అవి తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం మాత్రం బంగ్ యాకోబ్ స్టీరింగ్ సలిందాకి ఇచ్చి, రేవు కనబడుతున్నా తిరిగి తీసుకోలేదు. పలాత్ గారు అది చూసి, అటు తిరిగి మబ్బుల్ని చూస్తూ కూర్చున్నాడు. ప్రయాణికులంతా తడి తువ్వాళ్లు కప్పుకుని ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయారు.

మిసియా బోటు వెనక చివరన, ఇంజన్ల పక్కన కూర్చుంది. పుట్టినప్పటి నుంచీ ఎన్నిసార్లు దాన్ని విడిచి వచ్చినా, ఆ ద్వీపం ఆమె పడవ వెంట కొంత దూరం వచ్చి, సాగనంపి, అప్పుడు తన దారిన పోయేది. అలవాటు కొద్దీ ఆమె వెనక్కి తిరిగి చాలాసేపు చూసింది. అది రాలేదు.