బొట్టుబిళ్ల ఊడిన వీడియో

భానుచందర్ చెంప పగలగొట్టకుండా నన్ను నేను ఆపుకున్నానంటే అది నా మంచితనం కాదు, చర్చిలో ఉన్నామన్న భయం.

వాడు మా సంఘంలో యువకుల నాయకుడు. ఇంజనీరింగ్ చదివాడు. చేతిలో ఫోన్ లేకపోతే వాడికి ఊపిరాడదు. "కరపత్రాలు ఎవరు చదువుతాండ్రు ఆంటీ? జనమంత ఫోన్ల ఉన్నరు. సువార్త గూడ ఆడికే పోవాలె. నిమిషంల చెప్పకుంటే వేలితోని నూకేస్తరు" అంటాడు. ఆ మాటలో నాకేమీ తప్పు కనిపించలేదు. కుట్టుమిషన్ తొక్కుకుంటూ నేనూ ఫోన్లోనే వాక్యం వింటాను మరి.

గొడవంతా పద్మలత గురించి. శివనగర్‌లో మా గోడను ఆనుకునే వాళ్ళ ఇల్లు. ఆమె భర్త మధు ఆటో నడిపేవాడు. కిడ్నీలు పాడై దవాఖానలో పడ్డాడు. పాపం, ఆ పిల్ల మేడారం సమ్మక్కకు మొక్కింది, భద్రకాళమ్మకు మొక్కింది, దర్గాకూ పోయివచ్చింది. ఒక శుక్రవారం మా గుమ్మంలో నిలబడి, "యమునక్కా, మీ చర్చికి నేను రావొచ్చునా? ఎనుక కూసుంట, గంతే" అంది.

మా అమ్మ బక్కమ్మ పరకాల చుట్టుపక్కల పల్లెల్లో సువార్త చెప్పిన మనిషి. ఏ ఇంటికి పోయినా ముందు ఆ ఇంటి బాలింతకు నీళ్ళు పోసేది, జ్వరం వచ్చినవాళ్ళకు జావ కాచేది. ఎవరైనా అడిగితేనే యేసయ్య పేరు ఎత్తేది. నాకు తెలిసిన పద్ధతి అదే. పద్మలతను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా వెంట తీసుకెళ్ళాను.

ప్రార్థన మొదలవగానే ఆడవాళ్ళందరం కొంగు తలమీద కప్పుకున్నాం. మమ్మల్ని చూసి ఆమె కూడా కప్పుకుంది. కళ్ళు మూసుకుని, మధు పేరు పలుకుతూ గొంతెత్తి ఏడ్చింది. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంటే బొట్టుబిళ్ల ఊడి కొంగుకు అంటుకుంది. ఆ సంగతి ఆమెకు తెలియనే తెలియదు. బయటికొచ్చాక నేనే చూసి, దాన్ని తీసి మళ్ళీ ఆమె నొసట అతికించాను. ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

మర్నాటికి భానుచందర్ ఫోన్లో ఆ ఏడుపు వీడియో అయింది. ముందు బొట్టున్న మొహం, తర్వాత బొట్టులేని మొహం, వెనకాల సంగీతం. పైన పెద్ద పెద్ద అక్షరాలతో "బొట్టు తీసేసింది, ప్రభువును పట్టుకుంది" అని రాసి అందరికీ పంపాడు. సాయంత్రానికి వాడకట్టంతా చూసింది. మధు తల్లి వరలక్ష్మికి కూడా ఎవరో పుణ్యాత్ములు పంపించారు.

మొగుడు మంచంలో ఉండగా పెళ్ళాం బొట్టు తీసిందంటే ఆ ఇంట్లో దానికి ఒకటే అర్థం, అతని చావు కోరుకుందని. మా చర్చిలో పెరిగిన పిల్లలకు ఇది తట్టదు. తల్లుల నొసళ్ళు పుట్టినప్పటి నుంచీ బోసిగానే చూశారు. బొట్టు పోతే వాళ్ళకు అదొక గెలుపు. వరలక్ష్మి మాత్రం కోడలిని వార్డు గడప తొక్కనివ్వలేదు.

నేను నేరుగా చర్చికి వెళ్ళాను. భానుచందర్, పాస్టర్ జయరాజ్ ఇద్దరూ అక్కడే ఉన్నారు.

"ఆమెను అడిగి పెట్టినవా?" అన్నాను.

"ఆమె మారిందని సాక్ష్యమే గద ఆంటీ. బొట్టు తీసేసింది గద."

"తీయలేదు రా, ఊడింది. నేనే మళ్ళ అతికిచ్చిన."

వాడి మొహం పాలిపోయింది. పాస్టర్ గారు తల పట్టుకున్నారు. తర్వాత మెల్లగా, "తీసేపిస్త తల్లీ. కాని ఒక మాట. గా వీడియో చూసి పొద్దున ఒకామె ఫోన్ చేసింది. సచ్చిపోదామనుకున్నదట. పద్మలత ఏడుపు చూసి ఆగిపోయిందట. దీనికేమంటవ్?" అన్నారు.

ఎవరో తల్లి బతికింది, దేవునికి స్తోత్రం. అందుకని ఇంకొకామె కన్నీళ్ళు ఆమెకు చెప్పకుండా తీసి పంచిపెట్టే హక్కు మాకు ఎవరిచ్చారు? ఆ మాటే అన్నాను, గొంతు పెంచే అన్నాను. భానుచందర్ నా ఎదురుగానే వీడియో తీసేశాడు. అయితే ఏం లాభం, అప్పటికే అందరి ఫోన్లలోనూ ఉంది.

మరుసటి రోజు వాణ్ణి వెంటబెట్టుకుని, పద్మలతతో కలిసి దవాఖానకు వెళ్ళాను. పద్మలత రూపాయి బిళ్లంత కుంకుమ పెట్టుకుంది. వరలక్ష్మి వార్డు తలుపు దగ్గరే కూర్చుని ఉంది. భానుచందర్ ఆమె ముందు వంగి, "అమ్మా, తప్పు నాది. ఆమె బొట్టు తీయలే. నేనే గట్ల రాసిన" అన్నాడు.

ఆమె వాడి వైపు చూడలేదు. బొట్టులేని నా నొసటి వైపు చూసింది.

"నీ పెనిమిటి మంచిగున్నడా బిడ్డా?"

"ఉన్నడమ్మా."

"నువ్వు బొట్టు తీసేసినా ఆయనకు ఏం గాలె. నా కొడుకు నీళ్ళు గూడ మింగుతలేడు. ఎవలో గా వీడియో వానికి జూపిచ్చిండ్రు. అప్పటిసంది గోడ దిక్కు తిరిగి పన్నడు. ఫోన్లకెల్లి తీసేసిండ్రట, మంచిదే. వాని మనసులకెల్లి ఎవలు తీస్తరు?"

వంగి ఉన్న భానుచందర్‌ను భుజం పట్టి వెనక్కి లాగాను.

వరలక్ష్మి కొంచెం పక్కకు జరిగి కోడలికి దారి ఇచ్చింది. "నువ్వు పో. గీళ్ళు రావద్దు" అంది.

పద్మలత తలుపు దగ్గర ఆగి నా వైపు తిరిగింది. ఆమె మొహంలో కోపం ఉంటే నాకు ఎంతో హాయిగా ఉండేది.

"అక్కా, నేను దేవుని ముందట ఏడుస్తాన్న అనుకున్న. మీరంత చూస్తాండ్రని నాకు ఎరుకలేదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

"ఆంటీ, ఈడ ప్రార్థన చేద్దామా?" అన్నాడు భానుచందర్, ఏడుపు గొంతుతో.

"మనసుల చెయ్. మనసులనే" అన్నాను.

తలుపు అద్దంలోంచి చూశాను. పద్మలత మంచం పక్కన కూర్చుని, మధు చేతిని మెల్లగా తీసి తన కుంకుమకు ఆనించింది. మధు మొహం ఇటు తిప్పలేదు.