రాక్షసి గుహలో ఫర్హత్ షరతులు

మార్కాపురంలో ఖాదర్ వలికి మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణం ఉంది. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక మాత్రం అతను సెల్‌ఫోన్ ఆటలో కత్తి పట్టిన వీరుడు. తమ్ముడు షోయబ్ కురిచేడు నుంచి, స్నేహితుడు ఏబేలు త్రిపురాంతకం నుంచి ఎవరి ఫోన్లో వాళ్లు అదే ఆటలోకి వస్తారు. షోయబ్ మంత్రగాడు, ఏబేలు విలుకాడు. ముగ్గురికీ చంపడమే ఇష్టం. బతికించే పని ఎవరికీ వద్దు. అందుకని వైద్యురాలి వేషం ఖాదర్ వలి భార్య ఫర్హత్‌కు అంటగట్టారు. వెనకాల నిలబడి, దెబ్బ తిన్నవాడి మీద వేలు నొక్కితే చాలని నమ్మబలికారు.

అది ఎంత తేలికో మొదటి రోజే ఆమెకు తెలిసొచ్చింది. ముగ్గురూ మూడు దిక్కులకు పరుగెత్తేవాళ్లు. ఒకడికి ప్రాణం పోసేలోపు ఇంకొకడు పోయేవాడు. మందు వేసేకొద్దీ ఆమె శక్తిని చూపే నీలి గీత తరిగిపోయేది. అది నిండేదాకా ఆగమంటే వినే నాథుడు లేడు. గెలిస్తే వీళ్ల ప్రతాపం, ఓడితే ఫర్హత్ పరధ్యానం. గుహలో ఉండే రాక్షసి చేతిలో అందరూ మట్టికరిచిన ఒక ఆదివారం, అంతా నీవల్లే అని భర్త అనేసరికి ఆమె ఫోను పక్కన పడేసింది.

ముగ్గురూ బతిమాలగా బతిమాలగా, మళ్లీ ఆడటానికి షరతులు పెట్టింది. "ముందు నా ప్రాణం చూసుకుంటా, తర్వాతే మీది. నేను పోతే మిమ్మల్ని లేపేదెవరు? నీలి గీత అయిపోతే అందరూ ఆగాల. నా కంటికి కనపడనోడికి, నిప్పుల్లో నిలబడినోడికి మందు లేదు."

ఏబేలు, షోయబ్ ఒట్టేశారు. ఖాదర్ వలి, ఫ్యాను రేపు ఇస్తానని గిరాకీలకు చెప్పేటప్పుడు ఊపినట్టే తలూపాడు.

మరుసటి వారం ఆట చక్కగా సాగింది. ఆగమన్నచోట ఆగారు, రమ్మన్నప్పుడు వచ్చారు. రాక్షసి సగానికి పైగా నీరసించింది. అప్పుడది నేలంతా నిప్పు కక్కింది. అందరూ పక్కకు దూకారు. ఆ నిప్పుల నడుమ ఒక బంగారు పెట్టె మెరుస్తూ కనిపించింది. అంతే, ఖాదర్ వలి నిప్పుల్లోకి దూకాడు.

అతని ప్రాణం తరిగిపోతుంటే, అవతల రాక్షసి గోళ్లు ఏబేలుకు తగిలాయి. ఫర్హత్ దగ్గర ఒక్కరికి సరిపడా శక్తే మిగిలింది.

మంచం మీద పక్కనే కూర్చున్న ఖాదర్ వలి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఫర్హత్, నేను నీ మొగుణ్ణి."

ఆమె చెయ్యి విడిపించుకుని ఏబేలు మీద నొక్కింది.

ఏబేలు బాణానికి రాక్షసి కూలింది. ఫోన్లో అవతలి నుంచి ఇద్దరూ కేకలు పెట్టారు. ఖాదర్ వలి వీరుడు మాత్రం పెట్టె పక్కన బోర్లా పడి ఉన్నాడు.

గొడవేందో చూద్దామని అతని తల్లి షమీమ్ వంటింట్లోంచి వచ్చింది. పరాయివాణ్ణి బతికించి కట్టుకున్నవాణ్ణి చంపిందని కొడుకు ఫిర్యాదు చేశాడు. ఆమె అంతా విని, నిప్పుల్లోకి ఎవరు పొమ్మన్నారని అడిగింది. పెట్టె కోసమన్నాడు. ఈలోగా నిప్పు ఆరిపోవడంతో షోయబ్ ఆ పెట్టె తెరిచాడు. అందులో ఒక జత చెప్పులున్నాయి.

షమీమ్ టీ పెట్టడానికి వెళ్లిపోయింది.

చచ్చినవాణ్ణి లేపే మంత్రం కూడా ఫర్హత్‌కు ఉంది. నీలి గీత ఎప్పుడో నిండింది. ఆమె నొక్కలేదు. అతనూ అడగలేదు. టీ వచ్చింది. ఖాదర్ వలి గోడవైపు తిరిగి తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక, ఫోన్లో వాళ్లకు వినపడకుండా చిన్నగా అన్నాడు.

"లేపవే."

"అయితే మాట వింటావా?"

"వింటాలే."

ఫర్హత్ తన టీ నింపాదిగా ముగించి, వేలు నొక్కింది. వీరుడు లేచి, అటూ ఇటూ చూసి, నడిచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.