ఎర్ర కారు ఎడమ తలుపు

ఆ రోజు చేయాల్సిన పనులన్నీ ముందే రాసి పెట్టుకున్నాను. మూడు కార్ల టైర్లలోనూ గాలి సరిచూడాలి. ట్యాంకులు నింపించాలి. వంద వేగం మీద బ్రేకు కొట్టి, ఎంత దూరంలో ఆగిందో కొలవాలి. డిక్కీలో పెద్ద సూట్‌కేసు పడుతుందో లేదో చూడాలి. ఫొటోలకు ముందు కార్లు కడిగించాలి. కొలిచే టేపు మర్చిపోకూడదు.

టేపే మర్చిపోయాను.

కార్ల పత్రికలో చేరి ఆరు నెలలు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. సోకైన చిన్న స్పోర్ట్స్ కారు ఒకటి కొత్తగా వచ్చింది, ఎర్రది. దాన్ని వేరే కంపెనీల తెల్లదానితో, నీలందానితో పోల్చి రాసే పని మొదటిసారి నాకిచ్చారు. ఇది బాగా వస్తేనే ఉద్యోగం ఖాయం.

వాడకంలో లేని రన్‌వే మీద పరీక్ష. ఫోన్ చేస్తే నాన్నే స్కూటరు మీద టేపు తెచ్చాడు. నాన్నది షెడ్డులో కార్ల సొట్టలు తీసే పని. చొక్కా నిండా పుట్టీ మరకలు. ఎర్ర కారు తాలూకు కంపెనీ మనిషి ఇస్త్రీ నలగకుండా నిలబడి, "ఎవరండీ ఆయన?" అన్నాడు.

"కార్లు కడగడానికి వచ్చాడు" అన్నాను.

నాన్న విన్నాడు. టేపు నా చేతిలో పెట్టి, ప్యాంటు పైకి మడిచి, "బకెట్టెక్కడ సార్?" అని నన్నే అడిగాడు.

నేను వేలితో చూపించాను. అంతే చేశాను.

"ఎర్రదాన్ని బాగా తోము పెద్దాయనా, అది హీరోయిన్. మిగతావి చెలికత్తెలు" అన్నాడు ఫొటోగ్రాఫర్.

నాన్న ఎడమ తలుపు మీద అరచెయ్యి ఆనించి రెండుసార్లు పైకీ కిందికీ నడిపాడు. "హీరోయిన్‌కి మేకప్ ఎక్కువైంది బాబూ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మలుపుల్లో ఎర్రదాన్ని మించింది లేదు. వెనక సీటు మాత్రం పుస్తకాల సంచికి సరిపోతుందంతే. బ్రేకు కొడితే ఎడమకు లాగేసి, నీలందాని కన్నా నాలుగు మీటర్లు అవతల ఆగింది. "అందం ఉంది, అదుపు లేదు" అని రాసుకుని, భలే వాక్యం దొరికిందని మురిసిపోయాను.

సాయంత్రం అన్నం తింటూ నాన్న మెల్లగా అన్నాడు. "ఆ ఎర్రదాని ఎడమ తలుపును సుత్తితో కొట్టి సరిచేశార్రా. రంగు కింద పుట్టీ పూసి ఉంది. గట్టిగా గుద్దుకున్న బండి. చక్రం కూడా కుదురుగా లేదు. దాన్ని చూసి ఆ రకం కార్లన్నిటినీ తిట్టకు. ఇంకోటి అడిగి చూడు."

"అక్కడే చెప్పొచ్చుగా నాన్నా?"

"కడిగేవాడు చెప్తే ఎవరు వింటార్రా?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మర్నాడు రంగు మందం కొలిచే మీటరు అరువు తెచ్చి పెట్టాను. కుడి తలుపు కంటే ఎడమ తలుపు మీద నాలుగు రెట్లు ఎక్కువ. కంపెనీ మనిషి మొహం పాలిపోయింది. ఇంకో ఎర్ర కారు పంపారు. అది తిన్నగా, మూడింట్లోకీ తక్కువ దూరంలో ఆగింది. గెలుపు దానికే రాశాను.

"ఎలా పట్టావయ్యా?" అన్నారు ఎడిటర్ గారు, భుజం తట్టి.

నాన్న గురించి నిజం చెప్పడానికి రెండో అవకాశం అది. "చేత్తో తడిమి చూశానండీ" అన్నాను.

"తలుపు లోపాన్ని మా ప్రతినిధి అరచేతితోనే పసిగట్టాడు" అని అచ్చయింది. ఉద్యోగం ఖాయమైంది. నాన్న పత్రిక కొనుక్కొచ్చి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఆ వాక్యం దాకా వచ్చాడు. అక్కడ కాస్త ఆగాడు. "బాగా రాశావు" అన్నాడు. ఆ పేజీ చింపి షెడ్డు గోడకి అంటించాడు. వచ్చినవాళ్లకి చూపిస్తాడు, "మావాడు రాశాడు" అని.

ఇప్పటికీ ఆ గోడ వైపు చూడలేను.

ఆ సంచిక మీ దగ్గర ఎక్కడైనా పడి ఉంటే, ఆ వాక్యం తీసి చూడండి. ఆ అరచెయ్యి నాది కాదు. ముప్పై ఏళ్లు సుత్తి పట్టి, బొటనవేలి గోరు పోగొట్టుకున్న మా నాన్నది. ఎర్ర కారు గుర్తున్నా లేకపోయినా, ఆయన్ని గుర్తుపెట్టుకోండి.