గండిపేటకు రెండు సీట్లు

నేను ఒక జంట సైకిల్‌ని. రెండు సీట్లు, రెండు జతల పెడళ్లు, రెండు హ్యాండిళ్లు. కానీ చక్రాన్ని తిప్పేది ముందు హ్యాండిల్ ఒక్కటే. వెనకది ఊరికే పట్టుకుని కూర్చోవడానికి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, చాలు.

పుట్టింది లూధియానాలో. పుట్టగానే శామీర్‌పేట దగ్గర ఒక రిసార్టుకు పంపారు. కొత్త జంటలు నా మీదెక్కి, పళ్లన్నీ కనపడేలా నవ్వి, ఫొటో అవగానే దిగిపోయేవారు. ఒక్కరైనా తొక్కితే ఒట్టు! సైకిల్‌గా పుట్టి ఊరు చూడకుండానే తుప్పు పడతానేమోనని దిగులేసేది. చివరికి పాత సామాను వాళ్లు ఎత్తుకుపోయి జుమేరాత్ బజార్లో నిలబెట్టారు.

అక్కడ నన్ను కొన్నది లంగర్‌హౌజ్ అండాలమ్మ. ఆమె భర్త బాలనర్సు సిటీ బస్సు డ్రైవరుగా చేసి ఆ మధ్యే రిటైరయ్యాడు. పెళ్లైన కొత్తలో ఆమె ఇంట్లో నల్లా తిప్పి, "ఈ నీళ్లు యాడికెల్లి వస్తయి?" అని అడిగిందట. "గండిపేట చెరువుకెల్లి. ఒకరోజు తీస్కపోత తియ్" అన్నాడట ఆయన. ముప్పై ఏళ్లు దాటినా ఆ ఒకరోజు రాలేదు. ఊరందరినీ తిప్పిన మనిషికి పెళ్లాన్ని తిప్పడానికి తీరిక దొరకలేదు. మనుషుల లెక్కలు నాకు అంతుపట్టవు లెండి.

మొదటి ఆదివారం తెల్లారగానే గండిపేటకు బయలుదేరాం. ఆయన ముందు, ఆమె వెనక. లంగర్‌హౌజ్ చౌరస్తాలో గండిపేట వైపు తిరగాల్సిన హ్యాండిల్ కాస్తా మెహదీపట్నం వైపు తిరిగింది. అది ఆయన పాత బస్సు రూటు. అంతటితో ఆగిందా? నానల్‌నగర్ బస్టాపు రాగానే బ్రేకు పడింది.

"గీడెందుకు ఆపినవయ్యా? ఎవలన్న ఎక్కేదున్నదా?"

"ఏమోనే, చెయ్యి దానంతటదే పోయింది."

రెండో ఆదివారమూ అదే తంతు. స్టాపులో నిల్చున్న ఒక పెద్దమనిషి "కోఠీ పోతదా?" అని ఆటపట్టించాడు కూడా. అండాలమ్మకు ఒళ్లు మండిపోయింది. "వచ్చే ఆదివారం గూడ గిదే అయితే దీన్ని మళ్ల బజార్ల వెడత" అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తప్పు చేసింది ఆయన, శిక్ష నాకా?

మూడో ఆదివారం చౌరస్తా రాగానే ఆమె కాలు కింద పెట్టింది.

"దిగు. నేను ముందుకొస్త."

"నీకొస్తదానే?"

"చిన్నప్పుడు బడికి దేని మీద పోయిన్ననుకున్నవ్?"

హమ్మయ్య, ఆమె అక్కడున్నవాళ్లను దారి అడిగి తొక్కింది, గండిపేట వైపు తిరిగాం! వెనక బాలనర్సు మాత్రం ప్రతి మలుపులోనూ ఆ కదలని హ్యాండిల్‌ని తిప్పడానికి తంటాలు పడుతూనే ఉన్నాడు. నాకు నవ్వాగలేదు. బాపూఘాట్ దాటాం. బండ్లగూడ దాటాక గాలి చల్లబడింది. హెల్మెట్లు పెట్టుకున్న సైకిల్ పిల్లలు మమ్మల్ని దాటిపోతూ చేతులూపారు. ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్న బండరాళ్లు, రోడ్డు పక్క సీతాఫలాల గంపలు, తీగల మీద పాలపిట్ట. ఇన్నాళ్లూ ఇవన్నీ ఎక్కడ దాక్కున్నాయి? బాలనర్సు తల అటూ ఇటూ తిరుగుతోంది. నడిపేటప్పుడు పక్కలు చూసే వీలెక్కడిది పాపం!

"అండాలూ, నిజం చెప్పాల్నా?" అన్నాడు ఉన్నట్టుండి. "నాకు గీ తొవ్వ తెల్వదే. గందుకే నిన్ను తీస్కరాలే. గింత పట్నంల నాకు తెల్సింది గా ఒక్క రూటే."

ఆమె తొక్కడం కొంచెం నెమ్మది చేసింది, ఆయన చూడటానికి వీలుగా.

చెరువు గట్టు ఎక్కాక ఆమె నోటి మీద చెయ్యేసుకుంది. "మన నల్లా నీళ్లు గింతగనం ఉన్నయా!" ఆయనా మొదటిసారే చూస్తున్నాడు. ఇద్దరూ చాలాసేపు అలాగే నిలబడ్డారు. నన్ను గోడకు ఆనించి ఉంచారు. ఎవరూ ఫొటో తీసుకోలేదు. సంతోషంతో నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"హిమాయత్‌సాగర్ అని ఇంకో చెరువున్నదంట," అంది అండాలమ్మ. "తొవ్వ ఎర్కేనా?"

"ఎర్క లేదు" అంటూనే బాలనర్సు వచ్చి, ఆమె కంటే ముందే వెనక సీటు దగ్గర నిలబడ్డాడు. ఆమె హ్యాండిల్ పట్టుకోగానే, సర్వీసంతా కండక్టర్ల నోట విన్న కేకను మొదటిసారి తనే వేశాడు.

"రైట్ రైట్!"