ఒక్క వారం సడలింపు

ఆసుపత్రిలో సర్వర్లు చూసే ఆవిడని అందరూ తాళాలమ్మ అనేవారు. మొదట్లో వెక్కిరింతగా పెట్టిన పేరే. పదిహేనేళ్ళు గడిచేసరికి ఆవిడే ఫోనెత్తి "తాళాలమ్మని మాట్లాడుతున్నా" అనేంతగా ఆ పేరు అతుక్కుపోయింది.

రోగుల పరీక్షల ఫలితాలుండే సర్వర్‌ని కట్టుదిట్టం చేసే పని ఆవిడ మీద పడింది. ఇకనుంచి పాస్‌వర్డు ఒక్కటే చాలదు. అడిగే కంప్యూటర్ కూడా ఆసుపత్రి తనకిచ్చిన సర్టిఫికెట్, అంటే తనలో దాచుకున్న గుర్తింపు ఫైలు, చూపించాలి. అది లేని యంత్రాన్ని సర్వర్ గడప తొక్కనివ్వకూడదు. తాళాలమ్మ గదిగదికీ తిరిగి సర్టిఫికెట్లు పెట్టింది. ఇక సర్వర్‌లో సెట్టింగు మార్చడమే తరువాయి అనగా మూడో వార్డు హెడ్ నర్సు ఊడిపడింది. ఆవిడ తాళాలమ్మకి సొంత అక్క.

"మా వార్డులో ఉన్నది ముసలి డబ్బా. నువ్విచ్చిన సర్టిఫికెట్ దానికి ఎక్కనే ఎక్కట్లేదు. కొత్తది వారంలో వస్తుందన్నారు. అందాకా రిపోర్టులు చూడకుండా ఎలా చావను?"

"రూలక్కా."

"నాకు రూల్సు చెప్పకు. నీకు జడలేసి బడికి పంపినదాన్ని."

తాళాలమ్మ నవ్వేసింది. 'తప్పనిసరి' అని ఉండాల్సిన చోట 'ఐచ్ఛికం' అని పెట్టింది. అంటే, సర్టిఫికెట్ చూపిస్తే సర్వర్ సరిచూస్తుంది. చూపించకపోతే పాస్‌వర్డుతో సరిపెట్టుకుని లోపలికి రానిస్తుంది. కొత్త కంప్యూటర్ ఎనిమిదో రోజున వచ్చింది. అప్పుడు తాళాలమ్మ జ్వరంతో సెలవులో ఉంది. తిరిగొచ్చాక వేరే పనుల్లో పడి ఆ సంగతే మరిచిపోయింది.

నాలుగు నెలల తర్వాత ఒక టీచరు సూపరింటెండెంట్ గదికి వచ్చింది. ఆయన తాళాలమ్మని పిలిపించాడు. టీచరు కుర్చీ చివర కూర్చుని, చేతిసంచి ఒళ్ళో గట్టిగా పట్టుకుని మాట్లాడింది.

"నాకు క్షయ అని మా అమ్మకి కూడా చెప్పలేదండీ. సోమవారం బడికి వెళితే పిల్లల తల్లులు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ళ ఫోన్లలో నా రిపోర్టు ఉంది. మందులు మొదలుపెట్టి రెండు నెలలైంది, ఇక ఎవరికీ అంటదని డాక్టరుగారు రాసిచ్చిన కాగితం చూపిస్తే ఒక్కరూ చూడలేదు. నా రిపోర్టు వాళ్ళకెవరిచ్చారు?"

తాళాలమ్మ తన గదికి వెళ్ళి, ఎవరెప్పుడు ఏది తెరిచారో సర్వర్ రాసుకున్న చిట్టా చూసింది. ఆ రిపోర్టు తెరిచింది ఒక డాక్టరు పాస్‌వర్డుతో. ఆ సమయానికి ఆ డాక్టరు ఆపరేషన్ గదిలో ఉన్నాడు. తెరిచిన యంత్రం ఆసుపత్రిది కాదు. సర్టిఫికెట్ అన్న చోట ఖాళీ. ఆ ఖాళీ చూడగానే ఆవిడకి తను పెట్టి మరిచిన 'ఐచ్ఛికం' గుర్తొచ్చింది.

ల్యాబులో ఉద్యోగం మానేసి వెళ్ళిన ఒక టైపిస్టుకి ఆ పాస్‌వర్డు తెలుసనీ, రిపోర్టు తెరిచింది ఆమేననీ తర్వాత బయటపడింది. ఆమె కూతురు ఆ టీచరు బడిలోనే చదువుతోంది.

"బయటివాళ్ళెవరో చొరబడ్డారని రాసెయ్. అబద్ధమేం కాదుగా," అన్నాడు సూపరింటెండెంట్.

"తలుపు తీసిపెట్టింది నేనండీ. అది కూడా రాస్తాను."

రాసిన కాగితం ముందు అక్కకి చూపించింది. అక్క రెండుసార్లు చదివింది.

"నా పేరేదే?"

"అడగడం నీ అవసరం. మళ్ళీ మూయడం నా పని. మరిచింది నేను."

అక్క జేబులోంచి పెన్ను తీసి చెల్లెలి సంతకం కింద రాసింది: 'సడలింపు అడిగింది నేను. కొత్త కంప్యూటర్ వచ్చిందని కబురు చేయనిదీ నేనే.'

మర్నాడు పొద్దున్నే తాళాలమ్మ 'తప్పనిసరి' అని మార్చింది. ఆసుపత్రి స్వయంగా ఇచ్చిన సర్టిఫికెట్లు తప్ప ఇంకెవరివీ చెల్లకుండా చేసింది. రెండు కంప్యూటర్లు బయటే ఉండిపోతే పరుగున వెళ్ళి సరిచేసింది. మధ్యాహ్నం టీచరుని పిలిచి, సర్టిఫికెట్ లేని ల్యాప్‌టాప్ ఒకటి ముందు పెట్టింది. సరైన పాస్‌వర్డే కొట్టింది. సర్వర్ రానివ్వలేదు.

టీచరు తెర వైపే చూస్తూ అడిగింది. "ఏం మార్చారు?"

"ఒక్క మాటండీ."

"ఎంతసేపు పట్టింది?"

"నిమిషం కూడా పట్టలేదు."

"క్షమించమంటారనుకున్నాను," అంది టీచరు.

"అడగడానికి నోరు రావట్లేదండీ."

"నాకూ ఇప్పుడే ఏమీ చెప్పాలని లేదు. జరిగిందంతా రాసివ్వండి. బడిలో చదువుతాను."

తాళాలమ్మ రాసిచ్చింది. టీచరు దాన్ని, డాక్టరు కాగితంతో సహా, తల్లిదండ్రులందరి ముందూ నిలబడి చదివింది. కొందరు తలలు దించుకున్నారు. ముగ్గురు మాత్రం పిల్లల్ని వేరే బడికి మార్చేశారు. టీచరు తన తరగతిలోనే ఉంది. టైపిస్టు మీద కేసు పెట్టారు. తాళాలమ్మ చేతి నుంచి ఆ సర్వర్‌ని ఆరు నెలలు తప్పించారు.

ఆఖరి పరీక్షకి వచ్చిన రోజు టీచరు వరండాలో ఎదురైంది.

"తగ్గిపోయిందండీ," అంది.

"సంతోషమండీ," అంది తాళాలమ్మ.

ఇద్దరూ మెట్లదాకా పక్కపక్కనే నడిచారు.